బొమ్మ యంత్రానిది, సంతకం ఎవరిది?

న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వారి దగ్గర 1960 నాటి సిరా బొమ్మ ఒకటి ఉంది. గీసినవాడు స్విట్జర్లండ్ శిల్పి జాఁ టింగ్లీ. చూడగానే పిచ్చిగీతల్లా అనిపిస్తుంది. కాస్త నిదానంగా చూస్తే చక్రాలు, కడ్డీలు, వాటిని కలిపే గీతలు ఒక్కొక్కటే బయటపడతాయి. అది ఒక యంత్రానికి వేసిన చిత్తుపటం. ఆ యంత్రం పేరు ‘న్యూయార్క్ నగరానికి నివాళి’. అది బతికింది 27 నిమిషాలు. తనని తాను ధ్వంసం చేసుకోవడమే దాని పని.

టింగ్లీ చేత్తో గీసి సంతకం పెట్టిన సిరా బొమ్మలు ఇప్పుడు మ్యూజియాల్లోనూ, వేలంపాటల్లోనూ కనిపిస్తూ ఉంటాయి. అటువంటి బొమ్మని కొనేవాడు ముందు చూసేది మూలనున్న సంతకం. అది నిజమైనదైతే ఒక ధర, కాకపోతే ఒట్టి కాగితం. ఇందులో ఒక తమాషా ఉంది. ఇదే మనిషి, బొమ్మలు గీసే యంత్రాలు తయారుచేసి, “బొమ్మ గీయడానికి కళాకారుడి చెయ్యే ఎందుకు?” అని లోకాన్ని ఆటపట్టించిన వాడు. చేతి గొప్పతనాన్ని వెక్కిరించిన వాడి చేతి సంతకానికే ఇంత విలువ వచ్చింది.

నేను కళావిమర్శకుణ్ణి కాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాణ్ణి. కానీ ఈ సంతకం గొడవ కళాకారులది మాత్రమే కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. యంత్రాలు బొమ్మలు గీస్తున్నాయి, వ్యాసాలు రాస్తున్నాయి, మనం రోజూ రాసే ప్రోగ్రాములు కూడా రాస్తున్నాయి. అటువంటప్పుడు పని ఎవరిది, పేరు ఎవరిది అన్న ప్రశ్న మన ఇళ్ళలోకీ, మన పిల్లల హోంవర్కు బల్ల మీదకీ వచ్చేసింది. ఈ ప్రశ్నకి అరవై ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. దాన్ని నాకు తెలిసినంతలో చెబుతాను.

టింగ్లీ 1925 మే 22న ఫ్రిబూర్ పట్టణంలో పుట్టాడు, బాసెల్ నగరంలో పెరిగాడు. చిన్నతనంలో అడవిలో వాగు నీళ్ళకి చిన్న చిన్న చక్రాలు అమర్చి, వాటిచేత రకరకాల చప్పుళ్ళు చేయించేవాడట. దుకాణాల అద్దాల కిటికీలు అలంకరించే పని నేర్చుకున్నాడు. 1950ల మొదట్లో భార్య ఈవా ఏప్లీతో కలిసి పారిస్ చేరాడు. అక్కడ తీగలు, రేకు ముక్కలు, చిన్న మోటార్లతో కదిలే శిల్పాలు చెయ్యడం మొదలుపెట్టాడు. 1955లో పారిస్‌లోని డెనీజ్ రెనే గ్యాలరీలో ‘చలనం’ అన్న పేరుతో జరిగిన ప్రదర్శన ఈ కదిలే కళకి ఒక మైలురాయి. టింగ్లీ పక్కనే అందులో అలెగ్జాండర్ కాల్డర్ పనులు కూడా ఉన్నాయి. గాలికి ఊగే ‘మొబైల్’ శిల్పాలతో పేరు తెచ్చుకున్న ఈ కాల్డర్ మన హడ్సన్ నది ఒడ్డున, హోబోకెన్‌లోని స్టీవెన్స్ కాలేజీలో 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నవాడు. “ఇంజనీరింగ్ చదివి బొమ్మలేమిట్రా” అని మందలించే తల్లిదండ్రులకి ఈ ఉదాహరణ పనికొస్తుందేమో చూడండి.

టింగ్లీ యంత్రాల్లో ఇంజనీరు కంటికి వెంటనే కనబడేది ఒకటుంది. మనకి కాలేజీలో నేర్పినదానికి అవి పూర్తిగా తలకిందులు. పళ్ళచక్రాల మధ్య వదులు ఉంటే, దాన్ని ‘బాక్‌లాష్’ అని పిలిచి, అదొక దోషమనీ ఎలా తగ్గించాలో రాయమనీ పరీక్షలో అడిగేవారు. టింగ్లీ ఆ వదులునే కావాలని పెట్టుకున్నాడు. బెల్టు జారాలి, చక్రం తడబడాలి, కడ్డీ వణకాలి. ఒకసారి తిరిగినట్టు మరోసారి తిరగకూడదు. మనం యంత్రం నుంచి ఒకే పనిని లక్షసార్లు ఒకేలా ఆశిస్తాం. అతను ఏ రెండుసార్లూ ఒకేలా ఉండకూడదని ఆశించాడు. అతని స్నేహితుడు, తరవాత పెద్ద మ్యూజియాలకి అధిపతి అయిన పాంటుస్ హుల్టెన్ వీటికి ‘మెటా మెకానికల్’ అని పేరు పెట్టాడు. యంత్రాన్ని దాటిన యంత్రం అనుకోవచ్చు.

1959 జులైలో పారిస్‌లోని ఐరిస్ క్లేర్ గ్యాలరీలో ‘మెటామాటిక్’ యంత్రాలని ప్రదర్శించాడు. వీటి పని బొమ్మలు గీయడం. ఒక మోటారు, వేరువేరు సైజుల్లో పుల్లీలు, బెల్టులు, చివర ఒక చెయ్యి, ఆ చేతికి ఒక పెన్ను. ఎదురుగా ఒక పలక మీద కాగితం. చూడవచ్చినవాళ్ళు తమకి నచ్చిన రంగు పెట్టుకుని మోటారు నడిపితే, యంత్రం గడగడలాడుతూ గీతలు గీసేది. ఎప్పుడు ఆపాలో కూడా వాళ్ళిష్టమే. కాగితం తీసుకుని ఇంటికి పోవచ్చు. అదే సంవత్సరం అక్టోబరులో, పారిస్ మొదటి బియెనాలేలో పెట్టిన 17వ నంబరు యంత్రం పెట్రోలు ఇంజనుతో నడిచింది. పొడవాటి కాగితపు చుట్ట మీద గీసి, ముక్కలు కోసి జనం మీదకి వదిలేది. ఇంజను పొగని ఒక పెద్ద బెలూన్ పట్టుకునేది. అది దాదాపు 40,000 బొమ్మలు గీసిందని చెబుతారు.

ఇందులో ఉన్న వెక్కిరింత అర్థం కావాలంటే ఆ రోజులు గుర్తు చేసుకోవాలి. అప్పుడు యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆవేశంగా రంగులు చిమ్మి, కుంచె విసిరి వేసే నైరూప్య చిత్రాలకి గొప్ప గిరాకీ. ఆ గీతలో కళాకారుడి ఆత్మ ఉందని పెద్దలు రాసేవారు. “ఆత్మ సంగతి తరవాత, ఆ గీత నా మోటారు కూడా గీస్తుంది, చూడండి” అన్నట్టుగా ఉంది టింగ్లీ పని.

మరి ఆ బొమ్మ ఎవరిది? యంత్రం కట్టినవాడిదా? రంగు ఎంచి, మోటారు నడిపి, సరైన క్షణంలో ఆపినవాడిదా? యంత్రానిదా? టింగ్లీ దీనికి చమత్కారంగా జవాబు చెప్పాడు. ఆ యంత్రాల నుంచి వచ్చిన కొన్ని కాగితాల మీద, ‘టింగ్లీ తాలూకు ఫలానా నంబరు మెటామాటిక్ సహకారంతో చేసినది’ అన్న అర్థం వచ్చే ముద్ర ఉంటుంది. సహకారం అన్న మాట చూడండి. యంత్రం పనిముట్టూ కాదు, యజమానీ కాదు, తోడు. చమత్కారం ఒక పక్కన పెట్టి ఇంకొక పక్క, అదే 1959లో ఫ్రాన్స్‌లో ఆ యంత్రానికి పేటెంటు దరఖాస్తు కూడా చేసుకున్నాడు. బొమ్మ మీద హక్కు పంచిపెట్టినవాడు, యంత్రం మీద హక్కు మాత్రం తన పేరనే ఉంచుకున్నాడన్నమాట. లోకజ్ఞానం లేనివాడేం కాదు.

ఇక మొదట చెప్పిన సిరా బొమ్మ దగ్గరకి వద్దాం. 1960 జనవరిలో టింగ్లీ న్యూయార్క్ వచ్చాడు. తనంతట తాను పగిలిపోయే ఒక మహాయంత్రం కట్టాలని అతని కోరిక. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వాళ్ళు తమ తోటలో చోటిచ్చారు. కానీ కోరిక వేరు, విద్యుత్ సర్క్యూట్ వేరు. అప్పుడు చేయి కలిపినవాడు బిల్లీ క్లూవర్. స్వీడన్ నుంచి వలస వచ్చిన ఇంజనీరు. న్యూ జెర్సీలో మర్రీ హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం. ట్రాన్సిస్టరు పుట్టిన చోటు, తరవాత యూనిక్స్, సి భాష పుట్టిన చోటు. బెల్ ల్యాబ్స్ గురించి మన పాఠకులకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

క్లూవర్, అతని సహోద్యోగి హెరాల్డ్ హాడ్జెస్ ఆ యంత్రానికి నరాలు అమర్చారు. ఏ మోటారు ఎన్నో నిమిషంలో మొదలవ్వాలో టైమర్లు పెట్టారు. కొన్ని కడ్డీల అతుకులు తక్కువ వేడికే కరిగే లోహంతో చేసి, వాటి దగ్గర రెసిస్టర్లు ఉంచారు. కరెంటు పారితే రెసిస్టరు వేడెక్కుతుంది, అతుకు కరుగుతుంది, కడ్డీ కూలుతుంది. యంత్రం నిలబడేలా చెయ్యడం మనందరికీ నేర్పారు. అనుకున్న వేళకి కూలేలా చెయ్యడం ఎవరూ నేర్పరు. న్యూ జెర్సీ చెత్తకుప్పల నుంచి తెచ్చిన పాత సైకిలు చక్రాలు పదుల సంఖ్యలో, ఒక పియానో, ఒక బాత్‌టబ్, ఒక రేడియో, ఒక వాతావరణ బెలూన్, బొమ్మలు గీసే మెటామాటిక్ అన్నీ కలిసి 27 అడుగుల ఎత్తు లేచాయి. చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ వెండి డాలర్లు విసిరే చిన్న పరికరం ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు.

1960 మార్చి 17 సాయంత్రం, చలిలో, పెద్దలంతా చూస్తుండగా దాన్ని నడిపారు. అనుకున్నట్టు జరిగినవి కొన్ని, జరగనివి కొన్ని. పియానోలో మూడు స్వరాలే పలికాయి. బొమ్మలు గీయవలసిన కాగితం కిందకి రావడానికి బదులు వెనక్కి చుట్టుకుపోయింది. పియానోకి మంట అంటుకుంది. చివరికి అగ్నిమాపక సిబ్బంది కల్పించుకుని ఆర్పేశారు. చూడవచ్చినవాళ్ళు ముక్కలు జ్ఞాపకంగా ఏరుకుపోయారు. మిగిలింది కొన్ని శకలాలు, కొంత ఫిల్ము, ఆ సిరా చిత్తుపటం.

ఆ చిత్తుపటంలో చక్రాలున్నాయి, టింగ్లీ చేతివాటం ఉంది. రెసిస్టర్లు ఎన్ని ఓములో, ఏ టైమరు ఎప్పుడో ఆ చేతిలోంచి వచ్చినవి కావు. అది మన భాషలో ‘రిక్వైర్‌మెంట్స్’ కాగితం. దాన్ని నడిపించిన పని వేరే ఉంది, దాన్ని చేసిన చేతులు వేరే ఉన్నాయి. చరిత్రలో మిగిలేది సాధారణంగా మొదటి కాగితం మీది సంతకమే. మనలో ఎంతోమంది ఈ దేశంలో బ్యాంకులకీ, విమానాలకీ, ఆసుపత్రులకీ ప్రోగ్రాములు రాశారు. రాత్రి రెండింటికి లేచి వాటిని బాగుచేశారు. వాటి మీద బయటికి కనబడే పేరు కంపెనీది. దాన్ని నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు, జీతం తీసుకున్నాం, ఒప్పందం అదే. కానీ ఆ చేతుల సంగతి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసిపెట్టకపోతే, మన మనవలకి మనం ఇక్కడ ఏంచేశామో తెలిసే దారి ఉండదు.

క్లూవర్ గొప్పతనం నాకు ఇక్కడే కనబడుతుంది. అతను మూలన నిలబడిపోలేదు. టింగ్లీతో పనిచేశాక, ఇంజనీరూ కళాకారుడూ సమానులుగా కలిసి పనిచెయ్యాలని పట్టుబట్టాడు. 1966 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఒక సైనిక భవనంలో పదిమంది కళాకారులు, సుమారు ముప్ఫైమంది ఇంజనీర్లు కలిసి ‘తొమ్మిది సాయంత్రాలు’ ప్రదర్శించారు. ఆ ఏడాదే క్లూవర్, ఫ్రెడ్ వాల్డ్‌హావర్ అనే మరో ఇంజనీరు, కళాకారులు రౌషెన్‌బర్గ్, రాబర్ట్ విట్‌మన్ కలిసి ‘కళలో, సాంకేతికతలో ప్రయోగాలు’ అన్న సంస్థ పెట్టారు. 1968లో ఆ సంస్థ ఒక పోటీ పెట్టింది. అందులో బహుమతి కళాకారుడికి కాదు, ఆ కళాకృతికి పనిచేసిన ఇంజనీరుకి! మొదటి బహుమతి ‘గుండె కొట్టుకుంటే లేచే దుమ్ము’ అనే కృతికి వచ్చింది. గుండె చప్పుడుకి ఎర్రటి పొడి గాజు పెట్టెలో ఎగిసిపడుతుంది. కళాకారుడు జాఁ డ్యుపుయీ. బహుమతి అందుకున్న ఇంజనీర్లు రాల్ఫ్ మార్టెల్, హైమన్ హారిస్. పేర్లు ఎందుకు చెబుతున్నానంటే, ఇటువంటి పేర్లు చెప్పడమే ఆ పోటీ ఉద్దేశం కనుక.

ఈ కథకి మన దేశంతోనూ సంబంధం ఉంది. విక్రమ్ సారాభాయ్ పిలుపు మీద 1969లో ఈ సంస్థ వాళ్ళు గుజరాత్‌లోని ఆనంద్ పాలకేంద్రం పరిసరాల్లో, పల్లెజనానికి పనికొచ్చే టెలివిజన్ కార్యక్రమాలు ఎలా తయారుచెయ్యాలో ఆలోచించడానికి వచ్చారు. సారాభాయ్ కలగన్న ఆ పల్లె టెలివిజన్, ఆయన పోయాక, 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి చేరింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి.

బెల్ ల్యాబ్స్‌లోనే ఇంకొక ఇంజనీరు ఈ సంతకం ప్రశ్నని నేరుగా ఎదుర్కొన్నాడు. పేరు మైఖేల్ నోల్. 1962 వేసవిలో ఐ.బి.ఎం. 7090 కంప్యూటరు చేత గీతల బొమ్మలు గీయించాడు. తరవాత పీట్ మాండ్రియాన్ 1917లో వేసిన ఒక గీతల చిత్రాన్ని పోలినదాన్ని కంప్యూటరుతో తయారుచేసి, రెండింటి నకళ్ళూ 100 మందికి చూపించాడు. కంప్యూటరు బొమ్మ ఏదో సరిగ్గా పోల్చుకున్నవాళ్ళు 28 మంది. ఏది ఎక్కువ నచ్చిందంటే కంప్యూటరుదే అన్నవాళ్ళు 59 మంది.

నోల్ తన కంప్యూటరు బొమ్మ ఒకదానికి కాపీరైటు కోసం దరఖాస్తు పెడితే, యంత్రం చేసినదానికి ఇవ్వం అన్నారు. ప్రోగ్రాము రాసింది మనిషేనని వివరించాడు. అందులో యాదృచ్ఛిక సంఖ్యలు వాడారు కదా, అది మీ సృష్టి ఎలా అవుతుందన్నారు. ఆ సంఖ్యలు పుట్టించే పద్ధతి కూడా మనిషి రాసిన గణితమేనని మళ్ళీ వివరించాక 1965లో ఒప్పుకున్నారు. మోటారు బెల్టు జారడం దగ్గర టింగ్లీకి వచ్చిన ప్రశ్నా, నోల్‌కి వచ్చిన ప్రశ్నా ఒకటే. అనుకోకుండా వచ్చిన గీతకి కర్త ఎవరు?

ఇప్పుడు అదే ప్రశ్న కృత్రిమ మేధ రూపంలో తిరిగొచ్చింది. కర్త యంత్రమేనని రాసి కాపీరైటు అడిగిన స్టీఫెన్ థేలర్‌కి 2023 ఆగస్టులో వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు కాదని చెప్పింది. 2025 మార్చిలో పై కోర్టు దాన్నే ఖాయం చేసింది. కర్త అంటే మనిషే అయి ఉండాలని వాళ్ళ మాట. 2025 జనవరిలో అమెరికా కాపీరైటు కార్యాలయం ఇచ్చిన నివేదిక, ఇలాంటి బొమ్మ కావాలి అని యంత్రానికి నాలుగు మాటలు చెప్పినంత మాత్రాన చెప్పినవాడు కర్త అయిపోడంది. మనిషి దాన్ని దిద్ది, కూర్చి, తనదంటూ చేర్చినదానికి మాత్రం హక్కు ఉంటుందంది.

మా అమ్మాయి హైస్కూల్లో ఉంది. ఒకరోజు వాళ్ళ పోస్టరు పోటీ గురించి, “నాన్నా, బొమ్మ ఏఐ వేసి, ఐడియా నాదైతే కింద నా పేరు రాయొచ్చా?” అని అడిగింది. కోర్టు తీర్పు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పిల్ల అడిగింది చట్టం కాదు, ధర్మం. కూర్చుని ఈ టింగ్లీ కథంతా చెప్పాను. “అయితే ముగ్గురి పేర్లూ రాయాలా?” అంది. ఆ ప్రశ్న నాకు నచ్చింది.

నేను ఆలోచించి తేల్చుకున్నది ఇది. సంతకం అంటే ‘ఇది నా చెయ్యి గీసింది’ అని మాత్రమే కాదు. ‘దీని మంచిచెడ్డలకి నేను జవాబుదారీ’ అని కూడా. నివాళి యంత్రం సగంలో ఆగినా, పియానో తగలబడినా జనం టింగ్లీ వైపే చూశారు. అతను ఆ మాట పడడానికి సిద్ధపడ్డాడు కాబట్టి ఆ పేరు అతనిది. మెటామాటిక్ గీత బాగులేదని ఎవరైనా అంటే మెటామాటిక్ సిగ్గుపడదు, సరిదిద్దుకోదు. అందుకని యంత్రం పని చేసిందని ఒప్పుకోవాలి గానీ, బాధ్యత దాని మీదకి నెట్టకూడదు. అలాగే, సంతకం పెట్టే హక్కు ఉన్నవాడికి సాయపడ్డ చేతుల పేర్లు చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. టింగ్లీ ముద్రలోని ‘సహకారంతో’ అన్న మాటా, క్లూవర్ ఇంజనీర్లకి ఇప్పించిన బహుమతీ నాకు నేర్పిన పాఠం అదే. రేపు యంత్రం ఇంకా బాగా గీస్తుంది, ఇంకా బాగా రాస్తుంది. అప్పుడు మనుషులకి మిగిలే పనుల్లో ముఖ్యమైనది, నిజాయితీగా పేరు పెట్టడం.

టింగ్లీ 1991లో కన్నుమూశాడు, క్లూవర్ 2004లో. బాసెల్‌లో రైన్ నది ఒడ్డున 1996లో తెరిచిన టింగ్లీ మ్యూజియంలో ఆ యంత్రాలు ఇంకా గడగడలాడుతున్నాయి. అక్కడ మెటామాటిక్ తరహా యంత్రం ఒకదానితో వచ్చినవాళ్ళు సొంతంగా బొమ్మ గీయించుకోవచ్చు. ఎప్పుడైనా యూరప్ ప్రయాణం పెట్టుకుంటే, స్విట్జర్లండ్ అంటే మన సినిమా పాటల మంచుకొండలే కాకుండా, ఒక పూట అక్కడికి కూడా పిల్లల్ని తీసుకెళ్ళండి. కాగితం చేతికొచ్చాక, దాని కింద ఎవరెవరి పేర్లు రాయాలో వాళ్ళనే అడగండి.